రెఫరెన్స్‌కు పంపిన శోకం

మా అమ్మ ఏడిస్తే వినడానికి జనం వచ్చేవాళ్ళు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాటే. పుంగనూరులో మా వీధిలో గానీ, పక్క రెండు మూడు వీధుల్లో గానీ ఎవరైనా పోతే, పాడెకు వెదుళ్ళు తెచ్చేవాళ్ళకంటే ముందు మా ఇంటికి కబురొచ్చేది. అమ్మ పొయ్యి మీద ఉన్నది దించేసి, కొప్పు విప్పుకుంటూ బయలుదేరేది. ఆమె వెళ్ళి పీనుగు తల దగ్గర కూర్చున్నాక గానీ ఆ ఇంట్లో ఏడుపు సరిగ్గా మొదలయ్యేది కాదు. అంతవరకూ ఎవరికి వాళ్ళు ముక్కులు చీదుకుంటూ కూర్చునేవాళ్ళు.

మా పక్క దీన్ని శోకం పెట్టడం అంటారు. ఉత్త ఏడుపు కాదది. పోయిన మనిషిని పిలిచి, ఆ మనిషి ఏం తిన్నాడో, ఎక్కడ తిరిగాడో, ఎవరికి ఏం చేశాడో ఒక్కొక్కటే ఆ మనిషికే చెప్పాలి. అమ్మ ఒక మాటను లాగి లాగి, మధ్యలో గట్టిగా ఊపిరి పీల్చి, ఆ పీల్చడంలోనే తర్వాతి మాట ఎత్తుకునేది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు సరిగ్గా ఆ ఊపిరి దగ్గరే వంత కలిపేవాళ్ళు. తూకంలో చేతివాటం చూపించే మా వీధి అంగడాయన పోయినప్పుడు, "పిడికెడు ఎక్కువే ఏస్తివే నా యప్పా, పిల్లోళ్ళ సేతిలో బెల్లం పెడితివే నా యప్పా" అని శోకం పెట్టింది. ఇంటికొచ్చాక మా నాయన అడిగాడు.

"ఆయప్ప బెల్లం ఎప్పుడు పెట్టినాడే? నాకు తెలవకుండా నీకేమన్నా పెట్టినాడా?"

"సచ్చినోడి కండ్లు చారెడంటారు, ఊరుకో" అంది అమ్మ.

నాయన వేరుశనగ నూనె మిల్లులో పనిచేసేవాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు గానీ, అమ్మను ఉడికించడానికి మాత్రం ఎక్కడలేని మాటలూ వచ్చేవి. "నేను పోయినాక నాకేం శోకం పెడతావో ఇప్పుడే చెప్పరాదా? ఊరంతా ఇంటారు, నేనొక్కడే ఇనకుండా పోవాల్నా?" అనేవాడు. సంగటి తింటూ తింటూ అనేవాడు. అమ్మ చేతిలో ఏది ఉంటే దాన్ని ఎత్తేది. "నోట్లో నా చెప్పు పెడతా. ఇంట్లో, దీపాలేళ, ఆ మాటలు యాల?" అనేది. నాయన నవ్వుకుంటూ పళ్ళెం తీసుకుని అరుగు మీదికి పోయేవాడు.

అమ్మకు ఈ విషయంలో రెండు పట్టింపులు ఉండేవి. చావు లేని చోట శోకం మాట నోటికి రాకూడదు. ఒక మనిషికి పెట్టిన శోకం ఇంకొక మనిషికి పెట్టకూడదు. ఆ మాటలు ఆ మనిషివి, ఆ మనిషితోనే పోవాలి. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు, బొమ్మకు పాడె కట్టి ఆడుకుంటూ, ముందురోజు అమ్మ ఎవరికో పెట్టిన శోకాన్ని అచ్చం ఆమెలాగే ఊపిరితో సహా పెట్టాను. బాగా పెట్టాననే అనుకున్నాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి మూతి మీద కొట్టింది. తర్వాత పసుపునీళ్ళు ఇచ్చి మూడుసార్లు పుక్కిలించమంది. నేను ఏడుస్తుంటే తనూ ఏడ్చింది. "అది పోయినోళ్ళ సొత్తు నాయనా. మనం తీసుకోకూడదు" అంది.

ఇంత స్పష్టంగా చెప్పింది కాబట్టే ఇప్పుడు రాస్తున్నాను. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

నేను చదువుకుని కుప్పంలో ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. మా ఇంట్లో నెలజీతం తీసుకున్న మొదటివాణ్ణి నేనే. అంతకుముందు అందరూ కూలికి పోయినవాళ్ళే. శనివారం సాయంత్రం కుప్పంలో బస్సెక్కితే వి.కోట, పలమనేరు దాటి పుంగనూరులో దిగేవాణ్ణి. మిగతా రోజుల్లో గదిలో ఒక్కణ్ణే. ఆ ఒంటరితనంలో పట్టుకుంది ర్యాప్ పిచ్చి. కుప్పం నుంచి బెంగుళూరుకు తెల్లారుజాము రైల్లో పనికి పోయేవాళ్ళ మీద ఒకటి రాసి, దుప్పటి కప్పుకుని ఫోనులో పాడి, ఇంటర్నెట్లో పెట్టాను. స్టేషన్ శబ్దాలు, టీ అమ్మేవాడి కేక, రైలు పెట్టెల లయ అన్నీ ఫోనులో పట్టుకుని వెనక పెట్టాను. అప్పటి నుంచి అదొక అలవాటైపోయింది. ఎక్కడ ఏ శబ్దం బాగున్నా ఫోనులో రికార్డింగు ఆన్ చేసి చొక్కా జేబులో వేసుకోవడమే. ఆ రైలు పాటను నాలుగు వేలమందో ఎంతమందో విన్నారు. నాకైతే ఆకాశం కిందికి దిగినట్టే ఉండింది. ఈ ఊపిరి ఎక్కడ నేర్చుకున్నావని ఒకతను అడిగితే, ఎక్కడెక్కడి దేశాల ర్యాపర్ల పేర్లో చెప్పాను. అమ్మ పేరు చెప్పడానికి నామోషీ అనిపించింది. చూశారా, దొంగతనం కంటే ముందే ఆ బుద్ధి ఉండింది.

ఆ మరుసటి ఏడు మా మామ పోయాడు. అమ్మకు తమ్ముడు. వాళ్ళమ్మ చిన్నప్పుడే పోతే అమ్మే చంకనేసుకుని పెంచింది. మదనపల్లె మార్కెట్టు నుంచి మద్రాసుకు టమాటా లారీ తోలేవాడు. తిరుగు దారిలో మా ఇంటికి వచ్చి తిని పోయేవాడు. వీధి మొదట్లోనే రెండుసార్లు హారను కొట్టేవాడు, అమ్మ లేచి కూడు వడ్డించేది. ఆ రోజు లారీ చెట్టుకు కొట్టుకుంది. మధ్యాహ్నానికి తెచ్చి మా అరుగు మీదే పడుకోబెట్టారు.

అమ్మ కొప్పు విప్పుకుని వచ్చి తల దగ్గర కూర్చుంది. తమ్ముడి తల నిమిరింది. తర్వాత ఎత్తుకుంది.

"తలుపు తీసే పెట్టుంటి, రాకపోతివే తమ్ముడా! కూడు సల్లారి పాయె, రాకపోతివే తమ్ముడా! నీ హారనింటే లేస్తినే, నేనెట్ల నిద్దరపోదునే తమ్ముడా!"

నేను స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాను. నా చెయ్యి జేబులోకి పోయి ఫోను ఆన్ చేసింది. చెయ్యే పోయిందని రాయడం ఎంత తేలికో చూడండి. నేనే ఆన్ చేశాను. మామ గుర్తుగా ఉంటుందని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నేను లెక్కపెడుతున్నాను. ఒకటి, రెండు, మూడు, ఊపిరి. ఒకటి, రెండు, మూడు, ఊపిరి. మా మామ పీనుగు ముందు నిలబడి, నన్ను భుజాన ఎక్కించుకుని తిరునాళ్ళకు తీసుకుపోయిన మనిషి పీనుగు ముందు నిలబడి, నేను తాళం వేసుకున్నాను. ఇరవై నిమిషాల రికార్డింగు. ఎక్కడా తప్పని తాళం.

హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది ఆ తర్వాత ఐదారు నెలలకు. ఒక సంగీత దర్శకుడి దగ్గర పనిచేసే అసిస్టెంటు. నా రైలు పాట విన్నాడట. పెద్ద హీరో సినిమా, రాయలసీమ కథ, హీరో ఒక్కడే ముప్పైమందిని కొట్టే చోట ర్యాప్ కావాలి.

"మాకు అసలైన సీమ కావాలి బ్రో. ఆ పౌరుషం, ఆ రక్తం, అదంతా దిగాలి" అన్నాడు.

వాళ్ళకు సీమంటే కత్తులు, గాల్లోకి లేచే జీపులు. మా పుంగనూరులో నేను చూసిన అన్నిటికంటే పెద్ద కత్తి ఎళనీరు, అంటే కొబ్బరిబోండాలు, అమ్మే బండి మీద ఉండేది. ఆ మాట అతనితో అనలేదు. "ఇస్తానన్నా" అన్నాను. కుక్కకు సింహాసనం దొరికితే ఏం చేస్తుంది? ఎక్కి కూర్చుంటుంది.

వాళ్ళు బీటు పంపించారు. పది రోజులు కుప్పం గదిలో కొట్టుకున్నాను. ఏది రాసినా నాటకం డైలాగులా ఉంది. పదకొండో రోజు మామ శోకం పెట్టుకుని విన్నాను. వాళ్ళ బీటు మీద అమ్మ గొంతు వేసి చూస్తే, ఆ ఊపిరి వచ్చి డప్పు దెబ్బ మీద కూర్చుంది. ఇంకేం, అమ్మ మాటల్ని తిరగేశాను. తమ్ముణ్ణి తలచుకుని ఏడ్చిన మాటను, శత్రువును రమ్మని పిలిచే సవాలు చేశాను. "తలుపు తీసే పెట్టుండా, రారా తమ్ముడా! కూడు సల్లారక ముందే రారా తమ్ముడా!" రాసింది చూసుకుని గదిలో గంతులేశాను. అబద్ధమెందుకు, అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా లేదు.

పాడి పంపించాను. అసిస్టెంటుకు ఆ ఎత్తుగడ అంతుపట్టలేదు. "ఈ ఊపిరి ఎలా తీయాలో మావాళ్ళకు అర్థం కావట్లేదు బ్రో. రెఫరెన్స్ ఏమైనా ఉంటే పంపు" అన్నాడు. సినిమా పాటల పనిలో అదొక మామూలు పద్ధతి. ఇలా ఉండాలి అని చెప్పడానికి ఏదో ఒక శబ్దాన్ని పంపుతారు, విన్నాక పక్కన పడేస్తారు. ఇరవై నిమిషాల్లోంచి ఒక నిమిషం కోసి పంపాను. విని పడేస్తారులే అనుకున్నాను.

రెండు రోజులకు మళ్ళీ ఫోను.

"బ్రో, ఎవరా ఆంటీ? ఏం వాయిస్ అది! సార్ విని అదిరిపోయారు. ఆ ముక్కను అలాగే పాట మొదట్లో పెట్టేద్దామంటున్నారు. అభ్యంతరం ఏమైనా ఉంటుందా?"

ఆ ప్రశ్న నన్ను అడిగాడు. ఇది మర్చిపోకూడదు. వాళ్ళు దొంగిలించలేదు, నన్ను అడిగారు. ల్యాబులో బల్ల మీద పిల్లల రికార్డు పుస్తకాలు కుప్పగా ఉన్నాయి, వాటి మీద చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాను. ఒక్క క్షణం పసుపునీళ్ళ రుచి నోటికొచ్చింది.

"మా అమ్మేనన్నా. ఏం అభ్యంతరం లేదు, వాడుకోండి" అన్నాను.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా అమ్మను అడగాలని కూడా నాకు తోచలేదు. తోచినా అడిగేవాణ్ణి కాదు, వద్దంటుందని తెలుసు.

పాట విడుదలైన రోజు విన్నాను. నేను పాడింది తీసేసి, పేరున్న గాయకుడి చేత పాడించారు. అతను 'సల్లారక' అనలేక 'చల్లారక' అని తీర్చిదిద్దినట్టు పాడాడు. రాసినవాడిగా నా పేరు వేశారు, చిన్న అక్షరాల్లో. పుంగనూరు గొంతు ఆ పాటలో ఒక్కటే మిగిలింది. మొదట్లో, వాయిద్యాలేమీ లేకుండా, మా అమ్మ "తమ్ముడా" అని ఊపిరి పీల్చేది. ఆ ఊపిరి తెగే చోట డప్పులు విరుచుకుపడతాయి.

అమ్మకు కొడుకు సినిమాకు పాట రాశాడని మాత్రం తెలుసు. వీధంతా చెప్పుకుంది. అప్పటికే నాయనకు మిల్లు దుమ్ముకు రొమ్ము పట్టేసి దగ్గు ఎక్కువైంది, ఆయన రానన్నాడు. అమ్మను తీసుకుని మదనపల్లె వెళ్ళాను. అక్కడ మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు ఉంది. ముగ్గురం మ్యాట్నీకి పోయాం. అమ్మ పట్టుచీర కట్టుకుంది. సంచిలో మురుకులు తెచ్చింది. ఎందుకు తీసుకుపోయానని ఎన్నిసార్లు అనుకున్నానో. తన గొంతు తనే గుర్తుపట్టదని ఎక్కడో ఒక పిచ్చి ధైర్యం. డప్పుల్లో కలిసిపోతుందిలే అనుకున్నాను.

తెర మీద హీరో తలుపు తీశాడు. హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. "తమ్ముడా" అని అమ్మ గొంతు హాలు నాలుగు మూలల నుంచీ వచ్చింది. తర్వాత డప్పులు, ఈలలు, కాగితాలు. కుర్రాళ్ళు తెర ముందుకు పోయి ఎగిరారు. మనుషులు గాల్లోకి లేచి పడుతున్నారు.

నేను అమ్మ వైపు చూశాను. ఆమె చెయ్యి మురుకుల సంచిలో అలాగే ఉంది. మెల్లగా చెయ్యి తీసి, పమిట కొంగు తల మీదికి లాక్కుంది. చావింట్లో కూర్చున్నట్టు, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, తల దించుకుని కూర్చుంది. పాట అయిపోయేదాకా తల ఎత్తలేదు.

"అక్కా, అది నీ గొంతు గదా?" చిన్నమ్మ వంగి అడిగింది. "తమ్మునికి పెట్టింది గదా అది?"

చిన్నమ్మ నా వైపు తిరిగింది. "యాడ్నుంచి వచ్చిందిరా అది? ఈలలేస్తాండారు సూడు, మా తమ్ముడు సచ్చిపోయినాడని ఈలలేస్తాండారు! నీ నోట్లో మన్ను పడ!" అంది. అరిచినంత పనిచేసింది గానీ, ఆ హోరులో పక్క కుర్చీకి కూడా వినపడి ఉండదు. నేను తేలు కుట్టిన దొంగలా తెర వైపే చూస్తూ కూర్చున్నాను.

పుంగనూరు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. సగం దూరం పోయాక అడిగింది.

"ఆ పొద్దు నీ జోబీలో ఫోను ఉండిందాప్పా?"

"ఉండిందిమా."

"అది తిరగతా ఉండిందా?"

"ఉండింది."

ఆమె కాసేపు బయటికి చూసింది. టమాటా తోటలకు కట్టెలు పాతుతున్నారు.

"అయితే నువ్వు ఏడ్సలేదా?" అంది.

తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. కోపంగా కూడా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

ఆ పాట ఊరుకోలేదు. పెళ్ళిళ్ళలో అదే, వినాయకుడి ముందు అదే, ఆటోల్లో అదే. మా వీధిలో ఏ డీజే పెట్టినా మొదట మా అమ్మ ఏడుపు వినపడేది, తర్వాత ఎగిరేవాళ్ళు. అమ్మ లేచి వెనకవైపు దొడ్లోకి పోయి నిలబడేది. పాట అయ్యాక లోపలికి వచ్చి వదిలిన పని అందుకునేది. నేను ఒకసారి హైదరాబాదుకు ఫోను చేసి, ఆ మొదటి ముక్క తీసేయడం కుదురుతుందా అని అడిగాను. అసిస్టెంటు నవ్వాడు. "పాటకు ప్రాణమే అది బ్రో. అయినా ఇప్పుడెవరి చేతిలో ఉంది? జనంలోకి వెళ్ళిపోయింది" అన్నాడు. అతని తప్పేం లేదు. నా ఫోనులోంచి ఆ ఇరవై నిమిషాలూ తీసేశాను. అడుసు తొక్కినవాడు చెప్పులు కడుక్కున్నట్టుంది ఆ పని.

ఆ ఏడు చివర్లో మా ఎదురింటి అవ్వ పోయింది. అమ్మకు మంచీ చెడూ చెప్పిన మనిషి. ఆదివారం కాబట్టి నేను కూడా ఉన్నాను. మా పక్క పీనుగును ఎత్తేటప్పుడు పలకలు, అంటే చావు డప్పులు, కొడతారు, కుర్రాళ్ళు ముందు ఎగురుతారు, అది మామూలే. ఆ రోజు పలకలవాళ్ళు వాకిట్లో మంట వేసి పలకలు కాచుకుంటూ ఉన్నారు. లోపల అమ్మ కొప్పు విప్పుకుని అవ్వ తల దగ్గర కూర్చుంది.

"నా కాన్పుకు కాచిన సేతులే నా యమ్మా" అని ఎత్తుకుంది. మాట లాగి, మధ్యలో ఊపిరి పీల్చింది.

సరిగ్గా ఆ ఊపిరి దగ్గర, షామియానా కింద కూర్చున్న కుర్రాళ్ళలో ఒకడు "రారా తమ్ముడా!" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. కావాలని చేసిన ఎగతాళి కాదని ఇప్పటికీ అనుకుంటాను. ఆ ఊపిరి వినపడితే ఆ మాట దానంతటదే నోటికి వచ్చేలా ఆ పాట వాళ్ళకు అలవాటు చేసింది. పలక కొట్టేవాడొకడు చెయ్యి ఆగక ఆ దరువు కూడా కొట్టేశాడు. ఎవరో పెద్దాయన, "థూ, మీ బతుకులు చెడ! చావింట్లో ఏందిరా అది?" అని గదమాయించాడు.

అమ్మ ఆగిపోయింది. నోరు తెరిచి ఉంది, మాట రాలేదు. ఆడవాళ్ళు వంత కలపడానికి చూస్తున్నారు. ఆమె అవ్వ పాదాలు ముట్టుకుని, లేచి, వాకిట్లో కాళ్ళు కడుక్కుని ఇంటికి వచ్చేసింది. ఆ తర్వాత ఏ ఇంటికీ శోకానికి పోలేదు. కబురొస్తే "ఒంట్లో బాగలేదప్పా" అని చెప్పి పంపించేది. కొన్నాళ్ళకు కబుర్లు కూడా ఆగిపోయాయి.

నాయన ఆ తర్వాతి రెండేళ్ళలో చిక్కిపోయాడు. నాలుగు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది. ఆస్పత్రిలో మందులిచ్చి ఇంట్లోనే చూసుకోమన్నారు. అయినా ఆ నాలుగు మాటల్లోనే అమ్మను ఉడికించేవాడు. "నాకన్నా పెడతావా, నాకూ లేదా?" అనేవాడు. మునుపైతే గరిటె ఎత్తే అమ్మ, ఇప్పుడు ఆ మాట వినగానే లేచి పోయేది. నాయన ముఖంలో నవ్వు కాసేపు అలాగే నిలబడి, తర్వాత పోయేది.

ఒకరోజు అరుగు మీద ఆయనకు వీపు రాస్తుంటే నాతో అన్నాడు.

"ఎగతాళికి అంటాండానని అనుకుంటాండావా? ఊర్లో ప్రతి ఒక్కడికీ పెట్టింది అది. తూకం కొట్టే ముండాకొడుక్కు కూడా పెట్టింది. ముప్పై ఎనిమిదేండ్లు కలిసి బతికినాం. నేను ఊరికే పోవాల్నా? నోరు లేనోని మాదిరి పోవాల్నా?"

దగ్గు వచ్చింది. నేను నీళ్ళు పట్టాను.

"నువ్వు చేసిందేప్పా ఇది. నువ్వే చెప్పు దానికి" అన్నాడు.

చెప్పాను. వంటింట్లో అమ్మ వంకాయలు కోస్తుంటే పక్కన కూర్చుని చెప్పాను. "మా, నాయన అడగతాండాడు. నిజంగానే అడగతాండాడు. తప్పు నాది, నాయన మీద పెట్టొద్దు."

అమ్మ కోయడం ఆపలేదు. "ఆయప్పకు పెట్టకూడదని కాదు నాయనా. నాకు మాట వస్తాంది, లోపల వస్తాంది. ఊపిరి తీసుకుంటే ఆ డప్పులు ఇనపడతాండాయి. యాడ ఎవురు ఇంటాండారో, యాడికి పోతాదో అని బయం. మీ నాయన మాటలకు కూడా ఎవురో ఎగురుతారేమోనని బయం" అంది.

నేను అక్కడే ఏడ్చి ఉంటే బాగుండేది. రాలేదు. లేచి వచ్చేశాను.

నాయన చలికాలంలో పోయాడు. తెల్లారుజామున ఫోను వస్తే కుప్పంలో మొదటి బస్సు పట్టుకుని, ఎండ పడే వేళకు పుంగనూరు చేరాను. అరుగు మీద, మామను పడుకోబెట్టిన చోటే పడుకోబెట్టారు. మిల్లులో పనిచేసిన పాతవాళ్ళంతా వచ్చారు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఉన్నారు. అమ్మ తల దగ్గర ఉంది. కొప్పు విప్పుకుంది గానీ, నోరు తెరవలేదు. కళ్ళు పొడిగా ఉన్నాయి.

చిన్నమ్మ మదనపల్లె నుంచి అప్పటికే వచ్చింది. అమ్మ భుజం పట్టుకుని కుదుపుతోంది. "ఏడ్సక్కా. ఎత్తుకో అక్కా. మనసులో పెట్టుకుంటే గుండె పగిలిపోతాది. అందరూ సూస్తాండారు" అంటోంది. నిజమే, అందరూ చూస్తున్నారు. ఊరందరికీ పెట్టిన మనిషి మొగుడికి పెట్టలేదేమని ఇద్దరు గుసగుసలాడటం నాకు వినపడింది. నాయన అడిగింది ఒక్కటే కోరిక, అది కూడా నా వల్ల పోతోంది అనుకుంటూ ఆయన కాళ్ళ దగ్గర నిలబడ్డాను.

అమ్మ తల ఎత్తి నా వైపు చూసింది. నా ముఖం వైపు కాదు. నా చొక్కా జేబు వైపు.

నేను ఫోను తీశాను. రికార్డింగు తిరగడం లేదని చూపించాలని చెయ్యి సగం ఎత్తి, ఆపుకున్నాను. ఆ మాట నా నోట ఎవరు నమ్ముతారు? వాకిట్లోకి పోయి, షామియానా దాటి, నా చెప్పులు విడిచిన చోట ఆ చెప్పుల మీదే ఫోను పెట్టి వచ్చాను. వచ్చి మళ్ళీ కాళ్ళ దగ్గర నిలబడ్డాను.

అమ్మ వంగింది. నాయన తలను రెండు చేతుల్లోకి తీసుకుని, తన విప్పిన జుట్టు ఇద్దరి ముఖాల మీదా పడగా, ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది.

పెదాలు కదలడం జుట్టు సందుల్లోంచి కొంచెం కనపడింది. భుజాలు లేచి, ఆగి, పడుతున్నాయి. శోకం పెడుతోంది. ఒకటి, రెండు, మూడు, ఊపిరి. ఒకటి, రెండు, మూడు, ఊపిరి. ఆ భుజాలను బట్టి తాళం నాకు తెలుస్తోంది. మాట తెలియడం లేదు. ఆడవాళ్ళు వంత కలపడానికి చూసి, ఏమీ వినపడక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పలకలవాళ్ళు వాకిట్లో పలకలు కింద పెట్టేశారు. చాలాసేపు పెట్టింది. ముప్పై ఎనిమిదేళ్ళు ఉంది కదా చెప్పడానికి.

అయ్యాక తల ఎత్తింది. తన కన్నీళ్ళు ఆయన చెవిలో నిండి ఉంటే పమిట కొంగుతో మెల్లగా అద్దింది. చిన్నమ్మ అందరికంటే దగ్గరగా కూర్చుని ఉంది. ఆమె నా చెయ్యి పట్టుకుని, "నీకేమన్నా ఇనపడిందారా?" అని అడిగింది.

"లేదు చిన్నమ్మా" అన్నాను.

"నాకూ ఇనపడలా" అని బోరుమంది.

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. తాళం గీళం ఏమీ లేకుండా, పిల్లవాడిలా, నాయన కాళ్ళు పట్టుకుని గట్టిగా ఏడ్చాను. వాకిట్లో ఎవరి ఫోనో మోగుతూనే ఉంది. చెప్పుల మీద పెట్టి వచ్చిన నా ఫోనే. అమ్మ నా వైపు చూడలేదు. కొప్పు ముడి వేసుకుని, "ఇంక ఎత్తుకోండప్పా" అంది.